తాళంచెవి ఒక్కటే.. తాళం తెరుచుకోదేం?

ఆండ్రాయిడ్ యాప్‌లో డేటా ఎన్‌క్రిప్ట్ చేశారు. సర్వర్‌లో డీక్రిప్ట్ చేయబోతే ‘బ్యాడ్ డీక్రిప్ట్’ అంటూ ఎర్రర్. కీ అక్షరం అక్షరం సరిచూశారు, ఒక్కటే. రెండువైపులా ‘ఏఈఎస్-256’ అనే ఉంది. ‘మా వైపు అంతా ఓకే’ అంటుంది యాప్ టీమ్. సర్వర్ టీమ్‌దీ అదే మాట. తమాషా ఏంటంటే, ఇద్దరూ చెప్పేది నిజమే కావొచ్చు. తేడా అంతా ఎవరూ చెప్పకుండా వదిలేసిన విషయాల్లో ఉంటుంది.

‘ఏఈఎస్’ అనడం ‘పులిహోర’ అన్నట్టే. చింతపండుదా, నిమ్మకాయదా, మామిడికాయదా చెప్పకపోతే ఎవరింటి పద్ధతిలో వాళ్లు కలిపేస్తారు. బెల్జియం క్రిప్టోగ్రాఫర్లు యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ తయారుచేసిన రైన్‌డాల్ పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2001లో ఏఈఎస్‌గా ఖరారు చేసింది. అది చేసే పని ఒక్కటే: 16 బైట్ల ముక్కను కీతో మార్చి మరో 16 బైట్ల ముక్క ఇవ్వడం. ముక్కలను ఒకదానితో ఒకటి ఎలా ముడిపెట్టాలి (మోడ్), ఆఖరి ముక్కలో ఖాళీ ఉంటే ఏం నింపాలి (ప్యాడింగ్), కీ ఎలా తయారవ్వాలి.. ఇవన్నీ మనం చెప్పాలి. చెప్పకపోతే లైబ్రరీ తన ఇష్టం వచ్చింది ఎంచుకుంటుంది.

ముందు మోడ్ చూద్దాం. జావాలో ఉత్తి ‘ఏఈఎస్’ అని రాస్తే మామూలుగా ఈసీబీ మోడ్ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లోని క్రిప్టోజేఎస్ మాత్రం ఏమీ చెప్పకపోతే సీబీసీ తీసుకుంటుంది. ఇక ఈ రెండూ కలిసేదెలా?

తర్వాత కీ. ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. క్రిప్టోజేఎస్‌కు కీని మామూలు స్ట్రింగ్‌గా ఇస్తే దాన్ని కీ అనుకోదు, పాస్‌వర్డ్ అనుకుంటుంది. దానికి ప్రతిసారీ కొత్త సాల్ట్ కలిపి వేరే కీ, ఐవీ తయారు చేసుకుంటుంది. గుర్తుపట్టడం తేలికే. బేస్64లో వచ్చిన ఫలితం ఎప్పుడూ ‘యూ2ఎఫ్’తోనే మొదలవుతుంటే అది పాస్‌వర్డ్ పద్ధతే. ఇంకో చిక్కు హెక్స్. 32 బైట్ల కీని హెక్స్‌లో రాస్తే 64 అక్షరాలు. దాన్ని బైట్లుగా మార్చకుండా అలాగే ఇస్తే జావా కీ పొడవు తప్పని ఒప్పుకోదు. పీహెచ్‌పీలోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫంక్షన్ మాత్రం కిమ్మనకుండా మొదటి 32 అక్షరాలే తీసుకుని పని కానిచ్చేస్తుంది. అరిచే లైబ్రరీ కన్నా అరవని లైబ్రరీతోనే తంటా.

పాత పీహెచ్‌పీ కోడ్‌తో పనిచేస్తుంటే ఎమ్‌క్రిప్ట్‌ను ఓ కంట కనిపెట్టండి. అందులో ‘రైన్‌డాల్-256’ అంటే ఏఈఎస్-256 కాదు. ఆ 256 కీ సైజు కాదు, ముక్క సైజు. ఏఈఎస్‌లో కీ ఎంతున్నా ముక్క 128 బిట్లే. పైగా ఎమ్‌క్రిప్ట్ ఖాళీలను సున్నా బైట్లతో నింపుతుంది. మిగతావాళ్లు ఎక్కువగా వాడేది పీకేసీఎస్7. జావాలో ‘పీకేసీఎస్5’ అని కనిపిస్తే మాత్రం కంగారొద్దు. ఏఈఎస్ విషయంలో అది చేసేది పీకేసీఎస్7 పనే.

మన భాషతో ముడిపడిన సంగతి కూడా ఒకటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు. ‘నమస్తే’లో పొల్లు, గుణింతం కలిపి 6 కోడ్‌లు, అంటే 18 బైట్లు. ఒక ముక్కలో పట్టదు. సీబీసీలో 32 బైట్లుగా బయటికొస్తుంది. జావా 18వ వెర్షన్‌కు ముందు టెక్స్ట్‌ను బైట్లుగా మార్చేటప్పుడు యూటీఎఫ్-8 అని చెప్పకపోతే ఆ మెషీన్ డిఫాల్టే వర్తించేది. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ పాసై, తెలుగు పేరు రాగానే ప్రశ్న గుర్తులు కనిపిస్తున్నాయంటే ముందు ఇక్కడ చూడండి.

లక్షణాన్ని బట్టి జబ్బు ఏంటో ఇలా పోల్చుకోవచ్చు:

- సీబీసీలో మొదటి 16 బైట్లే చెత్తగా వచ్చి మిగతాది బాగుంటే: ఐవీ తేడా.
- టెక్స్ట్ సరిగ్గా ఉండి చివర వింత అక్షరాలు వస్తే: ప్యాడింగ్ తేడా.
- సీబీసీ, ఈసీబీల్లో బేస్64 విప్పాక పొడవు 16తో భాగించబడకపోతే: డేటా దారిలోనే పాడై ఉండొచ్చు. యూఆర్‌ఎల్‌లో ప్లస్ గుర్తు ఖాళీగా మారిందేమో చూడండి.
- అంతా చెత్తే వస్తే, లేదా ప్యాడింగ్ ఎర్రర్ వస్తే: కీ లేదా మోడ్ తేడా. తప్పు కీతో కూడా దాదాపు 256లో ఒకసారి ఎర్రర్ రాదు. కాబట్టి ఎర్రర్ రాలేదని కీ సరైనదే అనుకోవద్దు.
- జీసీఎమ్ అయితే: 16 బైట్ల ట్యాగ్ ఎక్కడుందో చూడండి. జావా దాన్ని డేటా చివర అతికిస్తుంది. నోడ్ విడిగా ఇస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. డెడ్‌లైన్ తరుముతుంటే ‘ఈసీబీ పెడితే రెండువైపులా కలిసింది, ఐవీ మొత్తం సున్నాలు పెడితే పనైపోయింది’ అని చేతులు దులుపుకోవాలనిపిస్తుంది. ఎర్రర్ పోతుంది, నిజమే. దాంతోపాటు రక్షణ కూడా పోతుంది. ఈసీబీలో ఒకే ముక్క ఎన్నిసార్లు వచ్చినా ఒకేలా మారుతుంది. 2013లో అడోబీ నుంచి బయటికి పొక్కిన పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ చేసినవే. కానీ ఒకే పాస్‌వర్డ్ వాడినవాళ్లందరికీ ఒకే ఫలితం ఉంది. పక్కనే ఉన్న హింట్లను కలిపి చూసి, కీ అవసరమే లేకుండా చాలా పాస్‌వర్డ్‌లను ఊహించేశారు. అలాగే, అసలు కీని ఏదో ఆన్‌లైన్ టూల్‌లో పేస్ట్ చేసి పరీక్షించడం అంటే ఇంటి తాళంచెవి దారినపోయేవాళ్ల చేతికివ్వడమే. టెస్ట్‌కు వేరే కీ పెట్టుకోండి.

మరి ఏం చేయాలి? రెండు టీమ్‌లూ కోడ్ మొదలుపెట్టకముందే ఒక పేజీ రాసుకోవాలి: మోడ్, ప్యాడింగ్, కీ ఏ రూపంలో ఇస్తారు, ఐవీ ఎక్కడ పెడతారు, టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఏంటి, ఫలితం హెక్సా బేస్64ఆ. దాని కిందే ఒక ఉత్తుత్తి కీ, ఒక ఐవీ, ఒక తెలుగు వాక్యం, దానికి రావాల్సిన ఫలితం. ఇద్దరూ అదే ఫలితం తెప్పిస్తే సరి. తేడా వస్తే ఎర్రర్ మెసేజ్ కాదు, ఇద్దరి దగ్గరా ఎన్‌క్రిప్షన్‌లోకి వెళ్తున్న బైట్లు హెక్స్‌లో ప్రింట్ చేసి పక్కపక్కన పెట్టండి. కొత్త ప్రాజెక్ట్ అయితే జీసీఎమ్‌తోనే మొదలుపెట్టండి, ఒకే కీతో ఐవీ ఎప్పుడూ తిరిగి వాడకండి.

రెండువైపులా కలవడం సగం పనే. మధ్యలో ఎవరూ చదవలేకపోవడం మిగతా సగం. యాప్‌లో తన వివరాలు నింపిన మనిషికి కావాల్సింది ఆ రెండో సగమే.