విదేశీయులెందరు? జనగణన జవాబు చెప్పేది వేరే ప్రశ్నకు

దేశంలో విదేశీయులు ఎందరున్నారన్న ప్రశ్నకు పార్లమెంటులో వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. 2001 చివరినాటికి అక్రమంగా ఉంటున్న బంగ్లాదేశీయుల సంఖ్య 1,20,53,950 అని 2004 జులైలో అప్పటి హోంశాఖ సహాయమంత్రి శ్రీప్రకాశ్ జైస్వాల్ రాజ్యసభకు తెలిపారు. ఒక్కరినీ వదలకుండా లెక్కపెట్టినట్లు కనిపించే ఆ అంకెకు నమ్మదగిన ఆధారం లేదని కొద్దికాలానికే ప్రభుత్వమే అంగీకరించాల్సి వచ్చింది. 2016 నవంబరులో అదే సభలో కిరణ్ రిజిజు చెప్పిన సంఖ్య సుమారు 2 కోట్లు. జనగణన పట్టికల్లో ఉన్నది మరొకటి. తమ పూర్వ నివాసం బంగ్లాదేశ్ అని చెప్పినవారు 2001లో దాదాపు 31 లక్షలు కాగా, 2011లో దాదాపు 23 లక్షలే.

లక్షలకూ కోట్లకూ మధ్య ఇంత ఎడం ఉండటానికి ప్రధాన కారణం, 2011 జనగణన పత్రంలో పౌరసత్వం అనే ప్రశ్నే లేకపోవడం. ఎక్కడ పుట్టారు, ఇక్కడికి రాకముందు ఎక్కడ నివసించారు అన్నవే అందులోని ప్రశ్నలు. ఈ రెండింటి నుంచీ పౌరసత్వాన్ని రాబట్టలేం. కరాచీలో పుట్టిన ఎల్.కె.అద్వానీ, నేటి పాకిస్థాన్‌లోని గాహ్ గ్రామంలో పుట్టిన మన్మోహన్ సింగ్ ఆ గడిలో విదేశాల్లో పుట్టినవారే. 1960వ దశకంలో బర్మా నుంచి తిరిగివచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పెద్దలూ అంతే. విభజన కాలంలో వచ్చిన లక్షలాది శరణార్థుల తరం కాలగర్భంలో కలిసిపోతున్నకొద్దీ ఈ పట్టికలోని సంఖ్య తగ్గడం సహజం. కాబట్టి 2001-2011 మధ్య కనిపించే తగ్గుదలను చూపి సరిహద్దు చొరబాట్లు ఆగిపోయాయని వాదించడం సరికాదు.

పొరపాటు రెండోవైపునా ఉంది. తమిళనాడు శిబిరాల్లో శ్రీలంక శరణార్థులకు పుట్టిన బిడ్డలు పౌరసత్వం లేనివారైనా, జన్మస్థలం గడిలో వారిది భారతదేశమే. 1987 జులై 1 తర్వాత ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఆ నిబంధన మరింత బిగిసింది. చట్టం ఇలా మారుతూ వచ్చినా పట్టిక మారలేదు. ఇక ఎన్యూమరేటర్ ఏ పత్రమూ అడగరు, చెప్పింది రాసుకుంటారు. అక్రమంగా వచ్చినవారు తమ స్వస్థలాన్ని నిజాయితీగా చెబుతారని ఆశించడం అత్యాశే. అందుచేత 23 లక్షల అంకె 2 కోట్ల వాదనను రుజువూ చేయదు, కొట్టివేయనూ లేదు.

పత్రాలు అడిగి లెక్కతేల్చే ప్రయత్నం అస్సాంలో జరిగింది. 2019 ఆగస్టు 31న వెలువడిన జాతీయ పౌర పట్టికలో దాదాపు 3.3 కోట్ల దరఖాస్తుదారుల్లో 19,06,657 మందికి చోటు దక్కలేదు. దీన్ని విదేశీయుల సంఖ్యగా ప్రచారం చేసినవారు లేకపోలేదు. వాస్తవానికి అది పౌరసత్వాన్ని పత్రాలతో నిరూపించలేకపోయిన వారి సంఖ్య. ఎవరు విదేశీయులో తేల్చే బాధ్యత విదేశీయుల ట్రైబ్యునళ్లది.

గల్ఫ్ దేశాల పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ పౌరసత్వం విదేశీయులకు దాదాపు అందని ద్రాక్ష. నివాస అనుమతి పత్రమే మనిషికి గుర్తింపు. అందుకే లెక్క జాతీయత ఆధారంగానే సాగుతుంది, అక్కడే పుట్టి పెరిగిన భారతీయుల బిడ్డ కూడా భారతీయుల కిందికే వస్తుంది. 2022 సౌదీ జనగణన ప్రకారం ఆ దేశ జనాభా దాదాపు 3.22 కోట్లు, అందులో 41.6 శాతం విదేశీయులు. భారతీయులు దాదాపు 18.8 లక్షలు. మన విదేశాంగ శాఖ మాత్రం సౌదీలోని భారతీయులు 25 లక్షల ప్రాంతంలో ఉన్నారని చెబుతూ వచ్చింది. ఒకే దేశంలోని ఒకే సమాజంపై రెండు అధికారిక లెక్కల మధ్య తేడా ఆరు లక్షలకు పైమాటే. ఖతర్ అయితే జాతీయతలవారీ వివరాలను ప్రచురించదు.

ఈ తేడా నిజామాబాద్, జగిత్యాల, కడప జిల్లాల కుటుంబాలకు కేవలం అంకెల గొడవ కాదు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఇలాంటి పథకానికి నిధులు కేటాయించాలన్నా, 2020లో మాదిరిగా విమానాలు పంపి జనాన్ని వెనక్కి తేవాలన్నా ఎందరున్నారో ముందు తెలియాలి. పాస్‌పోర్టుపై వలస అనుమతి అవసరమైన కార్మికులు వెళ్లేటప్పుడు నమోదవుతారు. తిరిగి వచ్చినవారిని ఆ ఖాతాలోంచి తీసివేసే ఏర్పాటు లేదు.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో నోటిఫై చేసింది. మంచు ప్రాంతాలకు ఆ తేదీ 2026 అక్టోబరు 1. పౌరసత్వ ప్రశ్న చేర్చితే కచ్చితమైన లెక్క వస్తుందన్న వాదన తరచూ వినిపిస్తోంది. అయితే 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం గణనలో నమోదైన వ్యక్తిగత వివరాలను ఎవరూ తనిఖీ చేయరాదు, సాక్ష్యంగా వాడరాదు. ఈ హామీ ఉన్నందువల్లే జనం తలుపు తీసి జవాబు చెబుతున్నారు. ఆ ప్రశ్న వచ్చాక విదేశీయుల కన్నా ముందు జంకేది పత్రాలు సరిగా లేని నిరుపేద పౌరులు. వారు లెక్కలోంచి తప్పుకుంటే రేషన్ కోటా నుంచి నియోజకవర్గాల హద్దుల వరకు అన్నీ గతి తప్పుతాయి. ఇక వలస పట్టికలు బయటికి రావడం మరో కథ. 2011 గణనకు సంబంధించిన వలస వివరాలు వెలుగు చూడటానికే ఏళ్లు పట్టింది.