తీగ లేని తెర

మన భాషలో తెర అన్న మాటకు మొదటి పని దాచడం. జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టేది అడ్డుతెర. రాజుగారు కిరీటం సర్దుకుని సింహాసనం ఎక్కేదాకా ప్రేక్షకుల కంట బడనీయనిది నాటకం తెర. ఒక్క తోలుబొమ్మలాటవారు మాత్రం తెల్లని బట్ట వెనుక దీపం పెట్టి, దాచే తెర మీదనే రామాయణమంతా చూపించారు. తర్వాత సినిమా వచ్చింది, టెలివిజన్ వచ్చింది. ఇప్పుడు తెర అంటే చూపించేదే. దాచే సంగతి మనకు జ్ఞాపకం లేదు.

ఈ మాట ఎందుకంటే, కంప్యూటరు తెరను తీగ అన్నది లేకుండా టీవీ మీదికి పంపే సదుపాయం మా తిమ్మాజిపేట ఇండ్లకూ వచ్చింది. టీవీ కొన్నా, ఈ గుణం దానిలో వున్నదని తెలియని ఇండ్లూ వున్నవి.

ఇందులో దారులు రెండు. మొదటిది అద్దం దారి. కంప్యూటరు తన తెర మీది బొమ్మను సెకనుకు ఎన్నోసార్లు మడతపెట్టి గాలిలో పంపుతుంది. టీవీ ఆ మడత విప్పి చూపుతుంది. వై-ఫై అలయన్స్ అనే సంస్థ 2012లో తెచ్చిన మిరాకాస్ట్ ఈ పద్ధతే. రెండు యంత్రాలూ నేరుగా మాట్లాడుకుంటవి గనుక దీనికి ఇంటర్నెట్ అక్కర లేదు. మడతపెట్టి విప్పేసరికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఆటలకు అది అడ్డమే గాని, ఫొటోలకూ పాఠాలకూ ఏమీ కాదు. రెండవది చీటీ దారి. సినిమా ఎక్కడ దొరుకుతుందో ఆ చిరునామా మాత్రం టీవీకి అందుతుంది. టీవీయే ఇంటర్నెట్‌లోకి వెళ్ళి తెచ్చుకుంటుంది. 2013లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ దీన్ని ఇంటింటి మాట చేసింది. 2024లో దాని తయారీ ఆగిపోయినా, పద్ధతి నిలిచింది.

విండోస్ కంప్యూటరు వున్నవారు విండోస్ బొత్తాన్నీ, కె అక్షరాన్నీ కలిపి నొక్కితే దగ్గరలో వున్న టీవీల పేర్లు వరుసగా కనబడతవి. మీ టీవీ పేరే ఎంచుకోండి సుమా, పక్కింటివారిది కాదు!

ఇంత శ్రమ ఎందుకు అంటారా? 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు, మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ చూపించారు. ఊరికి ఒక పెట్టె. ఊరంతా దాని ముందు కూర్చున్నది. తర్వాత ఇంటికొక పెట్టె, ఇప్పుడు మనిషికొక ఫోను. నలుగురున్న ఇంట్లో నాలుగు తెరలు, నాలుగు మౌనాలు. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో బడి పాఠాలు మొదలైనప్పుడు, పిల్లవాడి పాఠం మళ్ళీ ఇంటిల్లిపాదికీ వినబడింది. కొడుకు ఏమి చదువుతున్నాడో అప్పుడు తెలిసిన తండ్రులు వున్నారు.

మా పాలమూరు వైపు బతుకుతెరువుకు దూరం పోయిన బిడ్డలు లేని వాడ వుండదు. ఫోనులో కొడుకు ముఖం గోరంత కనబడేది ఒక పెద్దమ్మకు. మనుమడు దాన్ని టీవీ మీదికి ఎక్కించాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిక్కిండు గద బిడ్డా!" అన్నది. గోరంత బొమ్మలో ఆ సంగతి కనబడలేదు మరి.

అయితే అద్దానికి మొహమాటం లేదు. పెండ్లి ఫొటోలు చూస్తూండగా బ్యాంకువారి సందేశం వచ్చిందనుకోండి, చుట్టాలందరూ మీ నిలవ ఎంతో చదివేస్తారు. కూతురికి స్నేహితురాలు రాసిన రెండు ముక్కలు మేనమామల ముందు పడతవి. ఆ పిల్ల రేపటినుంచి తెర కలపదు, నలుగురిలో కూర్చోదు. చేరువ చేయవలసిన యంత్రమే దూరం చేసిందన్నమాట.

దీనికి మందు కంప్యూటరులోనే వున్నది. టీవీ కలిసిన తర్వాత విండోస్ బొత్తాన్నీ, పి అక్షరాన్నీ కలిపి నొక్కండి. డూప్లికేట్ అంటే అచ్చంగా అద్దం. ఎక్స్‌టెండ్ అంటే టీవీ రెండవ తెర అవుతుంది. మీరు అటు జరిపిందే అక్కడ కనబడుతుంది, తక్కినది మీ దగ్గరే వుంటుంది. ఫోనైతే సందేశాలు రాకుండా డు నాట్ డిస్టర్బ్ పెట్టి మరీ కలపండి. ఇక ఫోనులో ఎవరో అపరిచితుడు బ్యాంకు పేరు చెప్పి "మీ తెర చూపించండి" అంటే, ఆ తెర మాత్రం ఎన్నడూ తీయవద్దు.

పెళ్ళిలో అడ్డుతెర పట్టేవారికి ఎప్పుడు దించాలో తెలుసు. టీవీకి తెర కలిపే మన పిల్లలకు కలపడం ఎవరూ నేర్పనక్కర లేదు. అడ్డుతెర పట్టడం మాత్రం పెద్దలమే నేర్పాలి.