మాట రాని బిడ్డకూ ఇంటి భాష కావాలి

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో తెలుగు నిలిచింది పుస్తకాల వల్ల కంటే అవ్వాతాతల నోటి వల్లే. అలాంటి ఇంట్లో నోట మాట పలకని బిడ్డ ఉంటే? ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి మాటలు చాలా ఆలస్యంగా వస్తాయి, కొందరికి రానేరావు. అప్పుడు తల్లిదండ్రులకు తరచు వినిపించే సలహా ఒకటుంది: "బిడ్డ తికమకపడతాడు, ఇంట్లో తెలుగు మానేయండి." ఈ సలహాను మేము ఒప్పుకోలేము.

నోటితో చెప్పలేని పిల్లల కోసం నేడు మాట పలికే పరికరాలున్నాయి. ట్యాబ్ తెరపై బొమ్మలు, వాటితోపాటు మాటలు ఉంటాయి. బిడ్డ బొమ్మను తాకితే ఆ మాట పైకి వినిపిస్తుంది. చెన్నైలో అజిత్ నారాయణన్ రూపొందించిన 'ఆవాజ్' అలాంటిదే. ఎం.ఐ.టి. పత్రిక 2011లో ఆయనను యువ ఆవిష్కర్తల జాబితాలో చేర్చింది. ముంబై ఐఐటీ నుంచి వచ్చిన 'జెల్లో' యాప్ ఉచితంగా దొరుకుతుంది.

యంత్రానికి అలవాటుపడితే రావలసిన మాట కూడా రాకుండా పోతుందేమోనని తల్లులు భయపడతారు. ఎదుగుదల లోపాలున్నవారిపై జరిగిన అధ్యయనాలను 2006లో కొందరు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. గట్టి ఆధారమున్న 27 మందిలో ఇలాంటి సాధనాల వల్ల మాట తగ్గినవారు ఒక్కరూ లేరు. ఎక్కువమందిలో ఎంతో కొంత పెరిగింది కూడా. రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లల భాషకు అడ్డు కాదనీ పరిశోధనలు చెబుతున్నాయి.

కాబట్టి యాప్ ఎంచుకునేటప్పుడు అందులో తెలుగు ఉందా అని మొదట చూడండి. ఉన్నా అది పుస్తకాల తెలుగు కావచ్చు. మనం 'అవ్వ' అనేచోట 'నానమ్మ' అనీ, 'అంగడి' అనేచోట 'దుకాణం' అనీ ఉంటే బిడ్డకు అది ఇంటి మాట అనిపించదు. మాటలు మార్చుకునే, ఇంటివాళ్ల గొంతు రికార్డు చేసుకునే వీలుంటే తప్పక వాడుకోండి. తమిళం కూడా ఉంచండి. 2006 చట్టం తర్వాత మన పిల్లలందరూ బడిలో తమిళం నేర్చుకుంటున్నారు. వీధిలో స్నేహితుడిని పిలవడానికి ఈ బిడ్డకూ అది కావాలి.

ఉపాధ్యాయులుగా మా తప్పు కూడా చెప్పుకోవాలి. పాఠం మధ్యలో పరికరం పదేపదే "నీళ్లు, నీళ్లు" అంటుంటే గోల భరించలేక దాన్ని తీసి బీరువాలో పెట్టాం. ఆ పూటంతా బిడ్డ ఏమీ అడగలేకపోయాడు. మేము బీరువాలో పెట్టింది వాడి నోరు అని ఆలస్యంగా అర్థమైంది. తోటి పిల్లవాడు అల్లరి చేస్తే మందలిస్తాం గాని నోరు కుట్టేయం కదా. ఈ పరికరం బహుమతిగా ఇచ్చి, శిక్షగా లాక్కునే ఆటవస్తువు కాదు.

ఇంకొకటి: పరికరం కొని చేతికిస్తే చాలదు. పసిబిడ్డ పలకడానికి ముందు ఎన్నో నెలలు మన మాటలు వింటుంది. అలాగే ఇంట్లో అమ్మ, బడిలో టీచరు తామూ మాట్లాడుతూ ఆ బొమ్మలను తాకి చూపాలి. "అన్నం కావాలా?" అంటూనే అన్నం బొమ్మను తాకాలి. తొందరపెట్టకుండా జవాబు కోసం ఆగాలి. ట్యాబ్ కొనే స్తోమత లేకపోతే అట్టమీద బొమ్మలు అంటించి ఈరోజే మొదలుపెట్టవచ్చు.

ఇది దయతో చేసే పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. మాట ఇబ్బంది ఉన్నవారికి తగిన ప్రత్యామ్నాయ మార్గాలను చదువులో ప్రోత్సహించాలని 17వ సెక్షన్ చెబుతోంది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఈ రెండూ కలిసి వర్తించవలసిన బిడ్డలు మన బడుల్లో ఉన్నారు.

తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయుల ద్వారా రాతపూర్వకంగా అడగాలి. బ్లాకు వనరుల కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులను కలవాలి. తెలుగు బడిని కాపాడుకోవాలని ప్రతి సమావేశంలోనూ అనుకుంటాం. ఆ బడిలో మాట రాని బిడ్డ తన అవ్వను తెలుగులో పిలవగలిగేలా చేయడం కూడా ఆ పనిలో భాగమే.