తప్పు పట్టే విద్య

ఇతరుల తప్పులు ఎంచడం మంచి గుణం కాదని పెద్దలు చెబుతారు. అయితే తప్పులు ఎంచడమే ధర్మమైన వృత్తి ఒకటి ఉంది. డేటా కేంద్రాలకు వెళ్ళే సర్వర్లను పరీక్షించే ఇంజనీరు వృత్తి అది. మన బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, పరీక్షా ఫలితాలు నేడు ఏదో ఒక సర్వరులో నిక్షిప్తమై ఉంటాయి. ప్రోగ్రాములు వ్రాసేవారికి లభించే గౌరవం ఆ యంత్రాలను పరీక్షించేవారికి లభించడం లేదు. ఈ చిన్నచూపు తగదని నా అభిప్రాయం.

అనుభవజ్ఞుడైన పల్నాటి రైతు గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలకెత్తాయో చూసుకొన్న తరువాతే విత్తనం చల్లుతాడు. సర్వరు పరీక్ష కూడా అటువంటిదే. కొత్త యంత్రంపై పూర్తి పనిభారం మోపి గంటల తరబడి నడుపుతారు. మండుటెండలకు పేరుపడిన రెంటచింతలను తలపించే వేడిగదిలో ఉంచి, తట్టుకొంటుందో లేదో చూస్తారు. రెండు విద్యుత్ సరఫరా పరికరాలలో ఒకదానిని హఠాత్తుగా తొలగించి, రెండవది భారం మోస్తుందేమో గమనిస్తారు. మెమరీలో సున్నాలు, ఒకట్లు వ్రాసి, తిరిగి చదివి సరిచూస్తారు.

ఆగిపోయిన యంత్రం తన లోపాన్ని తానే చాటుకొంటుంది. ఆగకుండా నడుస్తూ తప్పు లెక్క చెప్పే యంత్రం అంతకంటే ప్రమాదకరం. అటువంటి ప్రాసెసర్లు తమ కేంద్రాలలో బయటపడ్డాయని ఫేస్‌బుక్, గూగుల్ సంస్థల ఇంజనీర్లు 2021లో వెల్లడించారు. అవి వేల యంత్రాలలో ఏ కొద్దిగానో ఉంటాయి కాబట్టి పట్టుకోవడం మరింత కష్టం.

“ఒక సర్వరు చెడితే మరొకటి ఆదుకొంటుంది కదా, ఇంత పరీక్ష ఎందుకు?” అని కొందరు అంటారు. సమాచారానికి నకళ్ళు ఉంచుతారన్నది నిజమే. కాని తప్పు లెక్కకు నకలు తీస్తే ఆ నకలు కూడా తప్పే అవుతుంది. సాయంత్రానికి సరుకు పంపాలనే ఒత్తిడిలో, ఒకసారి తప్పి మరుసటిసారి నెగ్గిన యంత్రాన్ని ఏమని నమోదు చేయాలి? రెండు ఫలితాలనూ వ్రాసి, కారణం తేలేవరకు దానిని ఆపగలవాడే అసలైన పరీక్షకుడు. ఆ పనికి నైపుణ్యంతోపాటు ధైర్యం కూడా కావాలి.

విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా కేంద్రాన్ని స్థాపిస్తామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది. నరసరావుపేటలోనే జె.ఎన్.టి.యు. కాకినాడకు చెందిన ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మాచర్ల, గురజాల విద్యార్థులు ఈ వృత్తిని అందుకోవడం అసాధ్యమేమీ కాదు. అందుకు కావలసిన శిక్షణ జూనియర్ కళాశాల ప్రయోగశాలలోనే మొదలవుతుంది. లోలకం ప్రయోగంలో తమకు వచ్చిన విలువను వదలి, పుస్తకంలోని విలువకు సరిపడేలా అంకెలు మార్చి రికార్డులో వ్రాసే అలవాటు విద్యార్థులలో కనిపిస్తుంది. వచ్చిన అంకెనే వ్రాసి, తేడా ఎందుకు వచ్చిందో వెదకండి. రేపు ఎన్నో కుటుంబాల లెక్కలు మోసే యంత్రాన్ని పరీక్షించేటప్పుడు మీకు అక్కరకు వచ్చేది ఆ అలవాటే.