ఎర్ర సిరా కింద మన పల్లె

బడిలో దళిత విద్యార్థి రచయితగా ఎదగడమంటే వ్యాసానికి మార్కులు పెరగడం కాదు. తన పల్లె తన నోటుబుక్కులోకి రావడం. నా బడి చదువును వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు తేలింది ఇదే.

ఎనిమిదో తరగతి దాకా 'మా ఊరు' వ్యాసం గైడులో ఉన్నట్టే రాశాను. గుడి, చెరువు, రచ్చబండ, పచ్చని పొలాలు. పదికి ఎనిమిది వచ్చేవి. ఆ ఊళ్లో మా పల్లె ఉండేది కాదు. ఆ పొలాల్లో నాట్లేసిన మా అమ్మ ఉండేది కాదు. తొమ్మిదిలో మొదటిసారి, కోతలయ్యాక చేలో పరిగె ఏరుకోవడం గురించి, ఆదివారం ఇంట్లో ఉడికే పెద్దకూర గురించి రాశాను. రెండు మాటల కిందా ఎర్ర గీతలు. పక్కన 'అనాగరిక భాష' అని రాసుంది. పదికి నాలుగు.

ఇంటర్‌కి బెజవాడ వచ్చాక బ్రౌన్ నిఘంటువు తిరగేస్తే 'పరిగె' అందులో ఉంది. అంటే తప్పు మాటది కాదు. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందన్నదే అసలు సంగతి.

ప్రామాణిక తెలుగుకు కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల మాటే పునాది అంటారు. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద పోరాడారు. ఆ మేలు మనకూ అందింది. కానీ ఆయన నిలబెట్టింది శిష్ట వ్యావహారికం. ఆ శిష్టుల్లో మన తాతలు లేరు. అందుకే ఒకే కృష్ణ కాలవ నీళ్లు తాగిన డెల్టాలో ఊరి మాట ప్రమాణమైంది, పల్లె మాట తప్పయింది.

అయితే 'వ్యాకరణం మనకెందుకు, అది వాళ్లది' అనే మిత్రులతో నేను ఏకీభవించను. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా పద్యం మీద పట్టు సాధించారు, తెలుగు పంతులుగా పనిచేశారు. 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు కాళిదాసు మేఘసందేశం పద్ధతినే తీసుకున్నారు. మేఘం స్థానంలో గబ్బిలాన్ని పంపారు. అంటరానివాడు అడుగు పెట్టలేని గుళ్లోకి గబ్బిలం పోగలదు కదా! పద్ధతి వాళ్లదే, కబురు మాత్రం మనది.

1968లో కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెట్టారు. ఆ ఊరి నుంచే వచ్చిన కలేకూరి ప్రసాద్ 'పిడికెడు ఆత్మగౌరవం కోసం' కవితలో కోటేశు పేరును తన పేరుగా చేసుకున్నారు. ఏ గైడూ 'మా ఊరు' వ్యాసాన్ని అలా రాయమని చెప్పదు.

టీచర్లను నేను అడిగేది చిన్నదే. ఒత్తులు, దీర్ఘాలు దిద్దండి, అది మీ పని. తెలియని మాట కనపడితే గీత గీసే ముందు 'మీ ఇంట్లో దీన్ని ఏమంటార్రా?' అని ఒక్కసారి అడగండి. పిల్లాడి బతుకును మాత్రం దిద్దకండి.

హాస్టల్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. గోడపత్రిక పెట్టుకోండి. వారానికి ఒక్క పేజీ రాసి ఒకరికొకరు చదివి వినిపించుకోండి. అక్షర దోషం ఎవరు చూపించినా దిద్దుకోండి. అమ్మ మాటను కొట్టెయ్యమంటే మాత్రం ఎందుకని అడగండి.

జై భీమ్.