ఉతికే ఫిల్టరా, మార్చే ఫిల్టరా?

లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు 11 కిలోల గాలి కావాలి. అంటే సుమారు 9 వేల లీటర్లు. లీటరుకు 60 కిలోమీటర్లిచ్చే బండి హైదరాబాద్ నుంచి వరంగల్ చేరేసరికి 20 వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ఆ గాలిలోని దుమ్మును ఆపేది ఎయిర్ ఫిల్టర్ బాక్సులో బిగించిన కొన్ని కాగితపు మడతలే.

ఆ కాగితం స్థానంలో ఉతికి మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్ వేయించమని ఇప్పుడు కుర్రకారుకు సలహాలు ఎక్కువయ్యాయి. ఒకసారి కొంటే చాలంటారు, పికప్ పెరుగుతుందంటారు. కాగితపు ఫిల్టర్ ధర వందల్లో ఉంటే, పేరున్న కాటన్ ఫిల్టర్ వేలల్లో ఉంటుంది. రోజూ ఆఫీసుకో పొలానికో వెళ్లే బండికి ఆ ఖర్చు అనవసరం.

కాటన్ ఫిల్టర్ చెడ్డదేమీ కాదు. ఈ రకానికి పేరు తెచ్చిన కే అండ్ ఎన్ కంపెనీ 1960లలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మోటార్‌సైకిళ్ల వ్యాపారంతోనే మొదలైంది. కానీ రేసు బండికైతే ఫిల్టర్ ఉతికి నూనె పెట్టే మనిషి పక్కనే ఉంటాడు. మన బండికి ఎవరున్నారు?

ఆ పని చూడటానికి తేలికే గానీ ఓపిక కావాలి. దానికోసం తయారైన క్లీనర్ పట్టించి, లోపలి నుంచి బయటికి సన్నటి ధారతో కడగాలి. ఎయిర్ గన్ తగలకూడదు, పెట్రోలు, కిరోసిన్ వాడకూడదు. పూర్తిగా ఆరాక ప్రతి మడతకూ పలచగా నూనె పట్టించి, అది గుడ్డంతా పాకేదాకా ఆగాలి. నూనె తక్కువైతే సన్నటి దుమ్ము నేరుగా లోపలికి పోతుంది, ఎక్కువైతే గాలి ఆడదు. సాయంత్రానికి బండి కావాలని షెడ్డులో వదిలి వెళ్లేవారికి ఇదంతా కుదిరే పని కాదు.

దుమ్ము లోపలికి పోతే ఏమవుతుంది? కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దారుల్లో లేచే పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. అది ఇనుము కన్నా గట్టిది. పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య చేరి రెండింటినీ అరగదీస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగడం, సైలెన్సర్ నుంచి పొగ రావడం, చివరికి బండి బోరుకు రావడం... ఆ బిల్లు ముందు ఫిల్టర్ల మీద మిగిలిందనుకున్న డబ్బు ఏపాటి?

పికప్ సంగతీ అంతే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో పెట్రోలు ఎంత పోవాలో కంపెనీ అమర్చిన కంప్యూటరే చూసుకుంటుంది. మిగతావన్నీ అలాగే ఉంచి ఫిల్టర్ ఒక్కటే మారిస్తే రోడ్డు మీద తెలిసే తేడా స్వల్పం.

కాగితపు ఫిల్టర్‌కూ మన దగ్గర అన్యాయం జరుగుతోంది. చాలా బండ్లలో వచ్చేది జిడ్డు పట్టించిన కాగితం, దుమ్మును అంటించుకునేది ఆ జిడ్డే. సర్వీసింగ్‌లో దాన్ని ఎయిర్ గన్‌తో ఊది మళ్లీ పెట్టేస్తుంటారు. దాన్ని శుభ్రం చేయకూడదు, మార్చాలి. ఫిల్టర్ తీసినప్పుడు ఇంజిన్ వైపు గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి. మట్టి అంటితే ఫిల్టర్ చిరిగిందనో, అంచు సరిగా కూర్చోలేదనో అర్థం.

ఉతికి నూనె పెట్టే పని స్వయంగా, శ్రద్ధగా చేసుకునేవారు కాటన్ ఫిల్టర్ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. మిగిలినవారంతా కంపెనీ కాగితపు ఫిల్టరే వేయించండి. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకు మార్పించండి, దుమ్ము దారుల్లో తిరిగే బండికైతే ఇంకా ముందే.