జహీరాబాద్‌తో ఆగిన అద్దె చట్టం

రాయికోడ్: ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో కిరాయికి ఉంటున్న వృద్ధులను యజమాని ఖాళీ చేయమంటే వారికి దిక్కెవరు? ఈ ప్రశ్నకు జహీరాబాద్‌లో ఒక జవాబు, రాయికోడ్‌లో మరొక జవాబు. అది పురపాలక పట్టణం, ఇది గ్రామపంచాయతీ కావడమే ఇందుకు కారణం.

1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం జంటనగరాలకు, పురపాలక ప్రాంతాలకు వర్తిస్తుంది. దాని ప్రకారం గడువు తీరినంత మాత్రాన కిరాయిదారును వెళ్లగొట్టడానికి వీల్లేదు. బుద్ధిపూర్వకంగా అద్దె ఎగవేయడం, అనుమతి లేకుండా ఇతరులకు అద్దెకివ్వడం, యజమానికి నిజమైన సొంత అవసరం ఉండడం వంటి కారణం ఏదో ఒకటి రెంట్ కంట్రోలర్ ఎదుట రుజువు కావాలి. కిరాయిదారు మరణిస్తే, వెంట నివసిస్తున్న భార్యకు లేదా పిల్లలకు ఆ రక్షణ కొనసాగుతుంది. ముసలితనంలో భర్తను కోల్పోయిన స్త్రీకి ఇది కొండంత అండ.

అయితే ఈ అండ కూడా తరిగిపోతున్నది. కార్పొరేషన్లు కాని పట్టణాలలో నెలకు 2,000 రూపాయలు మించిన అద్దె ఇళ్లను 2005 సవరణ చట్టం పరిధి నుంచి తప్పించింది.

రాయికోడ్ వంటి గ్రామాలలో ఆ మాత్రం రక్షణ కూడా లేదు. ఇక్కడ వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ కిరాయి అయితే 15 రోజుల నోటీసు చాలు, కారణం చెప్పనక్కర లేదు. నోటీసు తర్వాత కూడా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి తప్ప సామాను బయట పడవేసే హక్కు యజమానికి లేదు. బలవంతంగా గెంటివేస్తే 6 నెలల లోపు దావా వేసి తిరిగి ప్రవేశించవచ్చు. ఈ సంగతి ఎందరు వృద్ధులకు తెలుసు?

వృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టం పిల్లలను, వారసులైన బంధువులను నిలదీస్తుందే గాని ఇంటి యజమానిని కాదు. పొలం విషయంలో హైదరాబాద్ రాష్ట్రం 1950లోనే కౌలుదారీ చట్టం తెచ్చి రక్షిత కౌలుదారును గుర్తించింది. దున్నే చేనుకు దొరికిన రక్షణ తలదాచుకునే గూటికి దొరకలేదు.

యజమానుల బాధనూ కొట్టిపారవేయలేము. అద్దె మీదనే బతికే వృద్ధ యజమానులూ ఉన్నారు. పాత అద్దె పెరగక, ఇంటి మరమ్మతు ఖర్చు పెరిగితే నష్టపోయేది వారే. ఇరుపక్షాలకూ న్యాయమైన అద్దె నిర్ణయించే అధికారం 1960 చట్టంలోనే రెంట్ కంట్రోలర్‌కు ఉన్నది.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా చట్టం రాతకోతలను తప్పనిసరి చేసింది. కాని గడువు దాటి ఉన్నవారిపై తొలి 2 నెలలకు రెట్టింపు, ఆ తర్వాత 4 రెట్లు అద్దె విధించింది. దానిని యథాతథంగా అనుసరిస్తే దీర్ఘకాల కిరాయిదారులకే కష్టం.

1960 చట్టాన్ని ఇతర ప్రాంతాలకు విస్తరించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. మండల కేంద్రాల విషయంలో ఆ అధికారాన్ని వినియోగించే సంగతి పాలకులు ఆలోచించవలసి ఉన్నది. అందాకా వృద్ధులు నోటిమాటను నమ్ముకోక, నెలనెలా రసీదు తీసుకోవడం, ఒప్పందం రాయించుకోవడం మేలు. ఏడాది మించిన లీజు రిజిస్టరు కానిదే చెల్లదన్నది ఇరుపక్షాలూ గుర్తుంచుకోవాలి.